డిశ్చార్జ్ తర్వాత బ్లడ్ థిన్నర్ బాధ్యత ఎవరిది?

పేషెంట్ కొడుకు:
నాన్నకి కాలి సిరలో గడ్డ కట్టింది, రక్తాన్ని పల్చబరిచే వార్ఫరిన్ మాత్రలు మొదలుపెట్టి ఇంటికి పంపారు. సమ్మరీ చివర "ఐఎన్ఆర్ చూసుకుంటూ డోసు సర్దుకోవాలి" అని ఒక్క లైను. ఐఎన్ఆర్ అంటే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే టెస్టు, ఎక్కువైతే రక్తస్రావం ముప్పు. ఎవరు చూడాలి, ఎవరు సర్దాలి? శనివారం సాయంత్రం ల్యాబు నుంచి మెసేజ్: 4.8. ఉండాల్సింది 2-3 మధ్య. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే ఫ్యామిలీ డాక్టర్‌కి చూపించమన్నారు, ఆయనేమో మొదలుపెట్టిన వాళ్ళనే అడగమన్నారు. ఈలోగా రాత్రి మాత్ర టైమైపోయింది. నా వాదన ఒకటే, ఇంకో డాక్టరు "సరే, ఇక నేను చూసుకుంటా" అనేదాకా మందు మొదలుపెట్టిన హాస్పిటలే జవాబుదారీ.

జనరల్ ప్రాక్టీస్ డాక్టర్:
మీ టెన్షన్ అర్థమైంది గానీ పూర్తిగా ఒప్పుకోను. ఇంటికెళ్ళాక పంటి నొప్పికి ఎవరో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తారు, ఐఎన్ఆర్ పైకి పోతుంది. అది హాస్పిటల్ వాళ్ళకి ఎలా తెలుస్తుంది? దగ్గర్లో ఉండేవాళ్ళే చూడాలి. కాకపోతే మా చేతికి వచ్చే కాగితంలో ఏముంటుంది చెప్పండి. మందు ఎందుకు మొదలుపెట్టారో, ఎన్ని నెలలు వాడాలో, టార్గెట్ ఎంతో ఉండదు. గడ్డకైతే 2-3, గుండెలో మైట్రల్ స్థానంలో (ఎడమవైపు రెండు గదుల మధ్య) మెకానికల్ వాల్వ్, అంటే కృత్రిమ కవాటం, ఉంటే 2.5-3.5. చివరి నాలుగు రోజుల డోసులు, రిపోర్టులు లేకుండా డోసు మార్చమంటే అది గుడ్డిగా రాయడమే. అందుకే కొందరు తప్పించుకుంటారు, అది మాత్రం సమర్థించను.

ఫార్మసిస్ట్:
అందరూ వార్ఫరిన్ దగ్గరే ఆగారు. కొత్త బ్లడ్ థిన్నర్లకి ఐఎన్ఆర్ అక్కర్లేదు కదా అని మరీ గాలికొదిలేస్తున్నారు. గడ్డకి రివరోక్సబాన్ ఇస్తే మొదటి 21 రోజులు 15 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, తర్వాత 20 మి.గ్రా. ఒక్కసారి, అదీ భోజనంతో. అపిక్సబాన్ అయితే 7 రోజులు 10 మి.గ్రా. రెండు పూటలా, ఆపైన 5 మి.గ్రా. రెండు పూటలా. చీటీలో మొదటి డోసు మాత్రమే ఉంటుంది, నెల తర్వాత అదే చీటీ పట్టుకుని మళ్ళీ వస్తారు. ఆ పక్కనే మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ కూడా అడుగుతారు. రక్తస్రావం ముప్పు పెరుగుతుందని ఎవరూ చెప్పి ఉండరు. ఇంకొకటి, పాత బ్రాండు ఇంట్లో ఉండగానే హాస్పిటల్ అదే మందు వేరే పేరుతో ఇస్తే రెండూ మింగేవాళ్ళున్నారు.

ఇంకో సభ్యుడు:
ఇంట్లోవాళ్ళు కూడా కాస్త పట్టించుకోవాలి కదండీ. డోసులు, రిపోర్టులు ఓ నోటుబుక్కులో రాసుకోవచ్చు. అన్నీ డాక్టర్ల మీదే తోస్తే ఎలా?

పేషెంట్ కొడుకు:
నోటుబుక్కు ఉంది, తేదీలతో సహా. 4.8 చూసి ఈ రాత్రి మాత్ర ఆపాలో వద్దో ఆ పుస్తకం చెప్పదు కదా. రాసుకోవడం మా పని, నిర్ణయం మాది కాదు.

వార్డు నర్సు:
ఇందులో పేషెంట్ కొడుకుదే కరెక్టు. వార్ఫరిన్ డోసు మార్చినా దాని ప్రభావం పూర్తిగా రిపోర్టులో కనబడటానికి కొన్ని రోజులు పడుతుంది, కాబట్టి ఇంటికెళ్ళిన మొదటి వారం అసలు ప్రమాదకరం. ఎక్కువమంది ఇళ్ళకి వెళ్ళేది శుక్రవారం సాయంత్రమే, బెడ్లు ఖాళీ కావాలి మరి. సమ్మరీ టైప్ చేసేది అప్పుడే డ్యూటీలోకి వచ్చిన జూనియర్. మొదటి ఐఎన్ఆర్ తేదీ, ఆ రిపోర్టు ఎవరికి పోవాలి, ఆ మనిషి ఫోన్ నంబరు, ఈ మూడూ రాయకుండా పేషెంట్‌ని పంపకూడదని రూలు పెడితే చాలు.

జనరల్ ప్రాక్టీస్ డాక్టర్:
ఆ మూడింటికి నాలుగోది కలపండి, ఎన్నాళ్ళు వాడాలో. ఆపరేషన్ తర్వాత వచ్చిన గడ్డకి సాధారణంగా 3 నెలలు చాలు, అయినా ఎవరూ ఆపమనక ఏళ్ళ తరబడి మింగుతున్నవాళ్ళు నా దగ్గరకే వస్తారు. ఇవి రాసి, పంపేముందు ఒక్క ఫోన్ చేస్తే మొదటి రిపోర్టు నుంచే నేను చూసుకుంటాను. ఫోన్ రాకపోతే మాత్రం పేషెంట్ ఇంకా వాళ్ళ పేషెంటే.