విగిల్స్‌వర్త్ రోడ్నియస్ ప్రయోగం: సెమినార్‌లో ఏం చెప్పాలి, ఇక్కడ ఏ పురుగు మీద చేసి చూపొచ్చు?

పీజీ_జువాలజీ_హైదరాబాద్:
అందరికీ నమస్కారం. కీటక శరీరధర్మ శాస్త్రంలో విన్సెంట్ విగిల్స్‌వర్త్ మీద సెమినార్ ఇవ్వాలి. 1899లో పుట్టుక, లండన్‌లో ట్రాపికల్ మెడిసిన్ స్కూల్, తర్వాత కేంబ్రిడ్జి, 1964లో నైట్‌హుడ్, 1994లో మరణం, ఇవన్నీ రాసుకున్నాను. అర్థం కానిది ప్రయోగమే. తల తీసేసిన రోడ్నియస్ (రక్తం తాగే ఒక రకం నల్లి) నెలల తరబడి బతికితే దాంతో ఏం రుజువైనట్టు? ఇంకొకటి, రోడ్నియస్ మన దేశంలో దొరకదు కదా. డిపార్ట్‌మెంట్ ల్యాబులో ఏ పురుగు మీద చేసి చూపొచ్చు?

కుబుసం:
తేదీలన్నీ ఒక్క స్లయిడ్‌లో ముగించేయండి. ఆయన ఆ నల్లినే ఎందుకు పట్టుకున్నారో అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. రోడ్నియస్‌కి 5 పిల్ల దశలు. ఒక్కో దశలో ఒక్కసారి కడుపునిండా రక్తం తాగితే చాలు, కుబుసం విడుస్తుంది. తాగకపోతే అలాగే ఆగిపోతుంది. కొంచెం కొంచెంగా తాగినా కదలిక ఉండదు, పొట్ట ఒక్కసారిగా సాగాలి. అంటే రక్తం తాగిన క్షణమే సున్నా గంట. రోజంతా ఆకు మేసే గొంగళిపురుగులో ఇంత కచ్చితమైన సున్నా దొరకదు.

ఇక తల సంగతి. రక్తం తాగిన మర్నాడే తల తీసి, గాయాన్ని మైనంతో మూస్తే పురుగు బతుకుతుంది కానీ కుబుసం విడవదు. 5వ దశలో సుమారు వారం ఆగి తీస్తే, తల లేకుండానే విడుస్తుంది. కాబట్టి తలలోంచి రావాల్సిందేదో ఆ వారంలో వచ్చేసింది. అది నరాల ద్వారా వచ్చిందా, రక్తంలోనా? త్వరగా తల తీసినదాన్ని, ఆలస్యంగా తల తీసినదాన్ని మెడకు మెడ అతికించారు. రెండూ కుబుసం విడిచాయి. అది రక్తంలోనే, అంటే హార్మోనుగా వచ్చిందనడానికి రుజువు ఇదే. బతికి ఉండటం ఎందుకు ముఖ్యమంటే, చచ్చిన పురుగు కుబుసం విడవకపోతే దాంతో ఏమీ తేలదు.

1934లో ఆ హార్మోను కార్పస్ అల్లాటం (మెదడు వెనకుండే చిన్న గ్రంథి) నుంచి వస్తుందని ఆయన అనుకున్నారు. ఆ గ్రంథి ఇచ్చేది పెద్దపురుగుగా మారనివ్వని జువెనైల్ హార్మోను అని 1936కి తేల్చారు. 1940లో మెదడు ముక్కల్ని అమర్చి చూసి, మొదటి సంకేతం మెదడులోని స్రావ కణాలదేనని చూపారు. రోడ్నియస్ తల పొడవు, మెదడు ముందు, అల్లాటం వెనక. కోత ఎక్కడ పెడితే ఏది పోతుందో అందుకే విడదీయగలిగారు. ఒక ఫొటో దొరికితే తప్పక పెట్టండి: 5వ దశ పిల్ల వీపు మీద జువెనైల్ హార్మోను లాంటి పదార్థంతో ఆయన తన పొడి అక్షరాలు రాశారు. అది పెద్దదయ్యాక ఆ అక్షరాల మేర మాత్రం పిల్లపురుగు చర్మమే మిగిలింది. హార్మోను నేరుగా చర్మకణం మీదే పనిచేస్తుందనడానికి ఇంతకంటే ఏం కావాలి.

పట్టుకాయ:
పై వివరణకు ఒక్క చేర్పు. మెదడు హార్మోనును మొట్టమొదట చూపింది విగిల్స్‌వర్త్ అని మాత్రం రాయకండి. పోలండ్‌కు చెందిన స్టెఫాన్ కోపెచ్ 1917లోనే జిప్సీ మాత్ అనే చిమ్మట గొంగళిపురుగుల మెదడు తీసి చూపారు. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

మాంసపు_ఈగ:
రెండో ప్రశ్నకు: ఫ్రెంకెల్ అనే శాస్త్రవేత్త 1935లో ఈగ పిల్లపురుగుకు దారం కట్టి చేసినదే చేయండి. మన దగ్గర సార్కోఫాగా (మాంసపు ఈగ) బోలెడు. రాంనగర్ చేపల మార్కెట్లో పేగులు ఓ 100 గ్రాములు తెచ్చి, వెడల్పు మూతి సీసాలో వేసి నీడన పెట్టండి. ఈ ఈగ గుడ్లు కాదు, పిల్లల్నే వదులుతుంది. పిల్లలు పడ్డాక మల్లు గుడ్డ కట్టేయండి. నాలుగైదు రోజుల్లో మేత మానేసి పాకడం మొదలుపెడతాయి. అప్పుడు కొద్దిగా నీళ్లున్న డబ్బాలోకి మార్చండి. తడిలో ఉన్నంతసేపు ప్యూపేరియం (ప్యూపా చుట్టూ గట్టిపడే గోధుమరంగు పెంకు) కట్టడం వాయిదా పడుతుంది, వయసు తేడాలు సర్దుకుంటాయి. తర్వాత అన్నిటినీ ఒకేసారి పొడి రంపపుపొట్టులో వేయండి. మీ సున్నా గంట అదే.

అక్కణ్ణుంచి 3 గంటలకోసారి 10 పురుగులు తీసి, గుడ్డలో చుట్టి ఐస్ మీద 10 నిమిషాలు ఉంచి, ముందునుంచి మూడో వంతు దగ్గర నూలు దారంతో కట్టండి. నైలాన్ జారుతుంది. ముందే కట్టినవాటిలో ముందు భాగం మాత్రమే గోధుమరంగుకి తిరుగుతుంది, వెనక తెల్లగా మెత్తగా ఉంటుంది. హార్మోను ఇచ్చే రింగ్ గ్రంథి ముందు వైపే ఉంది కాబట్టి. ఆలస్యంగా కట్టినవాటిలో రెండు వైపులా రంగెక్కుతాయి. వెనక భాగానికి సొంత శ్వాసరంధ్రాలు ఉన్నాయి, అందుకే చావదు.

చెడేది ఎక్కువగా ముడి దగ్గరే. వదులైతే హిమోలింఫ్ (పురుగు రక్తం) దాటిపోయి అన్నీ రంగెక్కుతాయి. మరీ బిగిస్తే చర్మం తెగి, ముడి చుట్టూ నల్లటి పట్టీ వస్తుంది. అది గాయానికి వచ్చే మెలనిన్, లెక్కలోకి తీసుకోకండి. ఐస్ మీద పెట్టి, కట్టకుండా వదిలేసిన గుంపు ఒకటి తప్పనిసరి.

పీజీ_జువాలజీ_హైదరాబాద్:
చాలా థాంక్స్ అండి. ఈ పరిశోధన ప్రభావం గురించి చివర్లో పైరిప్రాక్సిఫెన్, డైఫ్లుబెంజురాన్ అనే పురుగుమందులు రెండూ ఒకే స్లయిడ్‌లో పెట్టొచ్చా?

కుబుసం:
పెట్టొద్దు. డైఫ్లుబెంజురాన్ కైటిన్ (పురుగు పైచర్మంలోని గట్టి పదార్థం) తయారీని ఆపుతుంది, దానికి జువెనైల్ హార్మోనుతో సంబంధం లేదు. ఆ హార్మోనును అనుకరించేవి మెథోప్రీన్, పైరిప్రాక్సిఫెన్. వాడకంలో ఒక మెలిక ఉంది, అదీ చెప్పండి: ఇవి వేసిన మర్నాడు నీళ్లలో దోమ లార్వాలు ఈదుతూనే ఉంటాయి. మందు పనిచేయలేదనుకుంటారు. చావు ప్యూపా దశలో వస్తుంది కాబట్టి లార్వాలను కాదు, రెక్కలతో బయటికొచ్చిన దోమలను లెక్కపెట్టాలి. 4వ దశ చివర్లో ఉన్న లార్వాల మీద వీటి దెబ్బ గట్టిగా పడుతుంది.