అప్‌డేట్: రిలీజ్‌కు ముందు ఫెయిలైన యూనికోడ్ టెస్టులు

ఒడిశాలోని రాయగడ నుంచి మొన్న అడిగింది నేనే. తెలుగు, ఒడియా అక్షరాలను విడగొట్టే మా ఓపెన్ సోర్స్ లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్) యూనికోడ్ (కంప్యూటర్లలో అన్ని లిపులకూ ఉన్న ఉమ్మడి ప్రమాణం) టెస్టుల్లో ఫెయిలవుతోంది, వాటిని పక్కనపెట్టి రిలీజ్ చేసేయొచ్చా అని. వద్దన్నవాళ్లందరికీ దండాలు.

తప్పు మా కోడ్‌దే. టెస్టు ఫైలు యూనికోడ్ 15.1 వెర్షన్‌ది, మేం రాసింది పాత నియమాలతో. 2023లో వచ్చిన 15.1లో జీబీ9సీ (GB9c) అనే నియమం చేరింది, సంయుక్తాక్షరాన్ని మధ్యలో తెంపకూడదని. దాని ప్రకారం 'క్ష' ఒకే ముక్క. మాది 'క్', 'ష' అని రెండుగా తెంపేది. ఫెయిలైన వరుసలు దేవనాగరివి కాబట్టి మనకేం సంబంధం అనుకున్నాను. కానీ తెలుగు, ఒడియా కూడా ఆ నియమం కిందివే! ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే మాకు ఇదెంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

నియమం రాశాం, రెండు లిపులకూ సొంత టెస్టులు చేర్చాం. అన్నీ పాసయ్యాయి. నిన్న రాత్రే రిలీజ్ చేశాం.