పల్ప్ అంటే చవకా, చవకబారా?

ప్రశ్న:

పాత సైన్స్ ఫిక్షన్ సాహస కథలు సినిమాలుగా మారిన తీరు మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. మొదటి పేరాలోనే ఆగిపోయాను. ‘పల్ప్’ అన్నచోట ‘చవకబారు సాహిత్యం’ అని రాశాను. తిరిగి చదివితే ఆ కథల్ని తిట్టినట్టుంది. వ్యాసం రాసినవారికేమో అవంటే ప్రాణం. పోనీ ‘గుజ్జు సాహిత్యం’ అందామంటే ఎవరికీ అర్థం కాదు. రెండో చిక్కు, ‘అడాప్టేషన్’కి అనుసరణ అనాలా, అనుకరణ అనాలా?

జవాబు:

మంచి చోట ఆగారు. నిఘంటువు చూసి దాటిపోయే మాట కాదిది.

పుట్టుక చూస్తే గుజ్జే నిజం. చెక్కను గుజ్జు చేసి, పెద్దగా శుద్ధి చేయకుండా తీసిన కాగితం అది. చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం అందులో మిగిలిపోతుంది కాబట్టి కొన్నేళ్లకే పసుపెక్కి, పెళుసుబారి, మడత పెడితే విరిగిపోతుంది. అమెరికాలో ఫ్రాంక్ మన్సీ 1896లో తన ‘ఆర్గసీ’ పత్రికను పూర్తిగా కథలతో నింపి ఆ కాగితం మీద అచ్చు వేయడంతో ఈ పత్రికల కాలం మొదలైంది. వెల పది సెంట్లు. నున్నటి కాగితం మీద వచ్చే ఖరీదైన పత్రికల్ని ‘స్లిక్స్’ అనేవారు, వీటిని ‘పల్ప్స్’ అనేవారు. అంటే మొదట అది కాగితం పేరు. తర్వాత కథల పేరయింది. ఆ తర్వాతే తిట్టయింది.

ఇక్కడ తెలుగు మనకి ఒక మేలు చేసింది. చవక వేరు, చవకబారు వేరు. మొదటిది ధర సంగతి, రెండోది రుచి మీద తీర్పు. ‘చవగ్గా దొరికింది’ అని సంబరంగా చెప్పుకుంటాం. ‘చవకబారు మాటలు’ అన్నప్పుడు మొహం చిట్లిస్తాం. పల్ప్ పత్రికలు చవకవి. వాటిలో చవకబారు కథలు బోలెడు ఉన్నాయి, కానీ పత్రికల పేరులోనే ఆ తీర్పు పెట్టే హక్కు మనకి లేదు. ‘చవక పత్రికల కథలు’ అని రాయండి. మొదటిసారి వచ్చినప్పుడు పక్కన ‘పల్ప్’ అని తెలుగు లిపిలో ఉంచండి, చాలు.

సినిమాకి వచ్చేసరికి కూడా ఈ తేడా మీదే చాలా ఆధారపడుతుందని నా నమ్మకం. ఎడ్గార్ రైస్ బరోస్ కుజ గ్రహ కథ తీసుకోండి. 1912 ఫిబ్రవరి నుంచి జులై దాకా ‘ఆల్ స్టోరీ’ పత్రికలో ధారావాహికగా వచ్చింది. ఆయనకి ముట్టింది 400 డాలర్లు. సరిగ్గా నూరేళ్లకి, 2012లో, ‘జాన్ కార్టర్’ సినిమా వచ్చింది. ముందు ‘జాన్ కార్టర్ ఆఫ్ మార్స్’ అనుకున్న పేరులోంచి మార్స్ అన్న మాటే తీసేశారు. సుమారు 20 కోట్ల డాలర్ల నష్టం రావచ్చని నిర్మాణ సంస్థే ప్రకటించింది.

కథలో నాయకుడు కార్టర్ ఆరిజోనా గుహలో పడిపోతాడు. తన శరీరం కింద పడి ఉండగా తానే లేచి నిలబడతాడు. బయటికొచ్చి, ఆకాశంలో ఎర్రగా మెరుస్తున్న కుజుణ్ణి చూసి చేతులు చాస్తాడు. మరుక్షణం అక్కడుంటాడు. ఎలా వెళ్లాడో బరోస్ వివరించడు, మనమూ అడగం. సినిమాలో ఆ ప్రయాణానికి ఒక పతకం కావాల్సి వచ్చింది. ఆ పతకం ఎవరిదో చెప్పడానికి ఒక రహస్య జాతి కావాల్సి వచ్చింది. నాకు ఆ సినిమా ఇష్టం, తక్కువ గురుత్వాకర్షణలో అతను మొదటిసారి అడుగులేయబోయి పల్టీలు కొట్టే ఘట్టం మళ్లీ మళ్లీ చూశాను. కానీ చేతులు చాచిన ఆ ఒక్క క్షణం మీద నమ్మకం సడలడం వల్ల కథ బరువెక్కిందనిపిస్తుంది.

మరో సభ్యురాలు:

చేతులు చాచి వెళ్లడాన్ని ‘పరకాయ ప్రవేశం’ అనొచ్చా?

జవాబు:

అక్కడ పరకాయం లేదండీ. ఇంకొకరి శరీరంలోకి వెళితే పరకాయ ప్రవేశం. ఇతను ఒక దేహాన్ని ఇక్కడ వదిలి, అలాంటి తన దేహంతోనే అక్కడ కళ్లు తెరుస్తాడు. ‘దేహం విడిచి వెళ్లాడు’ అంటే చచ్చిపోయాడనుకుంటారు. ‘ఉన్నచోట దేహం ఉండగానే కుజుడి మీద తేలాడు’ అంటే సరిపోతుందేమో. మాట దొరకనప్పుడు వాక్యం వాడటంలో తప్పు లేదు.

ఇప్పుడు అనుసరణ సంగతి. రెండు మాటల్లోనూ ‘అను’ ఉంది, వెంట అని అర్థం. అనుకరణలో ఉన్నది ‘చేయడం’, ఒకరు చేసినట్టే చేయడం. అందుకే మిమిక్రీని ధ్వన్యనుకరణ అన్నారు. అనుసరణలో ఉన్నది ‘సాగడం’, ఒకరి వెంట నడవడం. వెంట నడిచేవాడు ముందువాడి అడుగులోనే అడుగు వేయక్కర్లేదు, దారి తప్పకపోతే చాలు. కాబట్టి అడాప్టేషన్‌కి అనుసరణే.

దీనికి నాకు తెలిసినంతలో మంచి ఉదాహరణ జాన్ డబ్ల్యూ. క్యాంబెల్ కథ ‘హూ గోస్ దేర్?’. 1938 ఆగస్టులో ‘అస్టౌండింగ్’ పత్రికలో డాన్ ఎ. స్టూవర్ట్ అన్న కలం పేరుతో వచ్చింది. అంటార్కిటికాలో మంచు కింద దొరికిన ప్రాణి ఎవరి రూపమైనా ధరించగలదు. శిబిరంలో ఎవరు మనిషో ఎవరు కాదో తెలియదు. 1951లో తీసిన సినిమా కథని ఉత్తర ధ్రువ ప్రాంతానికి మార్చింది, రూపం మార్చుకునే గుణాన్ని వదిలేసింది, ఆ ప్రాణిని మొక్క జాతికి చెందిన ఆజానుబాహుడిగా చేసింది. మంచి సినిమానే, కానీ దారి వేరు. 1982లో దర్శకుడు జాన్ కార్పెంటర్ ‘ది థింగ్’ సినిమాలో కథని మళ్లీ అంటార్కిటికాకి తీసుకెళ్లాడు, అనుమానాన్నే కథగా నిలబెట్టాడు. పాత్రల్ని, సంభాషణల్ని, ముగింపుని తనకి కావలసినట్టు మార్చుకున్నాడు. అయినా మూలం వెంట నడిచినది అదే. విడుదలైనప్పుడు సరిగ్గా ఆడలేదు, పేరు తర్వాత వచ్చింది.

ఆ కథ పేరు తెలుగు చేయబోతే ఇంకో చిక్కు. కాపలావాడు చీకట్లో అలికిడి విని వేసే ప్రశ్న అది. ‘ఎవరక్కడ?’ అని రాస్తే మన పాఠకుడికి వెంటనే సింహాసనం మీద రాజు, చేతులు కట్టుకుని వచ్చే భటుడు కనిపిస్తారు. మన సినిమాలు ఆ మాటకి అంత గట్టి ముద్ర వేశాయి. ‘ఎవరది?’ అనాలి. పైగా ఇక్కడ ‘అది’ భయంకరంగా పనిచేస్తుంది. మనిషా, మనిషి కానిదా అన్న సందేహం ఆ రెండక్షరాల్లో ఉంది.

ఇంకొకరు:

నాకు ఒక అభ్యంతరం. చవకబారు అన్న మాటని అంత తేలిగ్గా కొట్టేయకండి. ఆ కథల్లో ఆడవాళ్లు చాలాచోట్ల గెలుచుకునే బహుమతులు. ఫ్లాష్ గోర్డన్ కథల్లో దుష్ట చక్రవర్తి మింగ్ రూపం, పేరు తూర్పు ఆసియా వాళ్ల మీద అప్పటి ద్వేషంలోంచి వచ్చినవే. జాన్ కార్టర్ అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది సైన్యంలో కెప్టెన్. ఇవన్నీ కాగితం తప్పులా?

జవాబు:

కావు. మీరన్నది పూర్తిగా ఒప్పుకుంటున్నాను. నేను పత్రికల పేరుకి చవకబారు వద్దన్నాను, ఆ కథల్లోని నీచమైన చూపుకి వద్దనలేదు. అక్కడ ఇంకా గట్టి మాటే వాడాలి. తెరకెక్కించేవాళ్లు వీటిని అలాగే మోసుకురావడం విశ్వాసం కిందికి రాదు. 2012 సినిమాలో కుజ రాజకుమారి శాస్త్రవేత్త, కత్తి తిప్పగల యోధురాలు. ఆ మార్పు కథకి బలమిచ్చింది. నడవాల్సినది కథలోని ఆశ్చర్యం వెంట, రచయిత పక్షపాతం వెంట కాదు.

మీరు గోర్డన్ పేరెత్తారు కాబట్టి ఒక మాట. అతను చవక పత్రికల్లో పుట్టలేదు, 1934లో వార్తాపత్రికల బొమ్మల కథగా వచ్చాడు. కానీ గుణం అదే. 1936లో 13 భాగాల సినిమా సీరియల్ అయ్యాడు, వారానికో భాగం, ప్రతి భాగం చివరా ప్రాణాపాయం. జార్జ్ లూకస్ ఆ కథని తీయాలనుకున్నాడు, హక్కులు దొరకలేదు. అప్పుడు సొంతంగా రాసుకున్నదే 1977 నాటి ‘స్టార్ వార్స్’. దాని ఫలితం బరోస్ మీద పడింది. 2012లో కుజుడి కథ తెరమీదికి వచ్చేసరికి ఎడారి గ్రహం, రాజకుమారి, గాలిలో తేలే ఓడలు అన్నీ ప్రేక్షకులు ఎప్పుడో చూసేశారు. అసలుదే ఎంగిలిలా కనిపించింది. ఇంతకంటే సరైన తెలుగు మాట నాకు దొరకలేదు.

మరో సభ్యురాలు:

‘స్పేస్ ఒపెరా’కి కూడా ఏదైనా చెప్పండి.

జవాబు:

అదీ తిట్టుగా పుట్టిందే. 1941లో అమెరికన్ రచయిత విల్సన్ టక్కర్ అరిగిపోయిన రోదసి కథల్ని ఎత్తిపొడవడానికి అన్నాడు. ఇప్పుడు గౌరవంగానే వాడుతున్నారు. ‘అంతరిక్ష ఒపెరా’ తెలుగులో ఏమీ చెప్పదు. నేనైతే ‘రోదసి జానపదం’ అంటాను. జానపదం అంటే జనపదాల సాహిత్యమని పండితులు చెబుతారు, నిజమే. కానీ సినిమా చూసేవాళ్లకి ఆ మాట వినగానే కత్తులు, మాంత్రికుడు, రాజకుమారి, సప్త సముద్రాల అవతలి ప్రాణం గుర్తొస్తాయి. సముద్రాల చోట గ్రహాలు పెట్టండి, అంతే తేడా.

అన్నట్టు ఆ ‘కుజ జానపదం’ మొత్తానికి కారణం కూడా ఒక అనువాదమే, అందుకే ఈ అనువాదకుల గుంపులో చెప్పాలనిపిస్తోంది. 1877లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త స్కియాపరెల్లి కుజుడి మీద గీతలు చూసి ‘కనాలి’ అన్నాడు. ఆ మాటకి సహజంగా ఏర్పడిన పాయలనీ అర్థముంది, తవ్విన కాలువలనీ ఉంది. ఇంగ్లీషులోకి ‘కెనాల్స్’ అయి వచ్చింది. తవ్విన కాలువలున్నాయంటే తవ్వినవాళ్లూ ఉండాలి కదా. అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త పెర్సివల్ లోవెల్ 1894లో ఆరిజోనాలో వేధశాల కట్టి ఆ ఊహని ఊరూరా నమ్మించాడు. బరోస్ కుజుడి మీద ఎండిపోతున్న నేలా, కాలువలూ అక్కడివే. 1965 జులైలో మారినర్ 4 వ్యోమనౌక దగ్గర్నుంచి ఫొటోలు పంపితే కనిపించినవి గుంతలు. అప్పటి నుంచి ఆ కథని తీసే ప్రతివారికీ ఒకటే ప్రశ్న, నిజమైన కుజుడా, బరోస్ కుజుడా? నా మటుకు బరోస్ కుజుడే కావాలి. జానపదంలో భూగోళం ఎవరు వెతుకుతారు?

ప్రశ్న అడిగినవారు:

చాలా ఉపయోగపడింది. చివరిగా ఒకటి. వ్యాసంలో హ్యారీ బేట్స్ కథ ముగింపు వస్తుంది, 1940 నాటిది, 1951లో రాబర్ట్ వైజ్ సినిమా తీసినది. రోబోతో విలేకరి ‘మీ యజమానికి చెప్పు’ అంటే, ‘పొరబడ్డావు, యజమానిని నేనే’ అంటుంది. ఆ దెబ్బ తెలుగులో తగలడం లేదు.

జవాబు:

అది సినిమా వదిలేసిన దెబ్బ. తెర మీద గ్రహాంతర మానవుడే ముందుంటాడు, రోబోకి ఇచ్చిన అధికారం గురించి అతని నోటితో చెప్పిస్తారు. కాగితం మీద మాత్రం ఒక్క వాక్యంలో తలకిందులవుతుంది.

మీరు ‘అంటుంది’ అని రాశారు చూడండి, దారి అక్కడే ఉంది. కథంతా రోబోని ‘అది’ అనే పిలవండి. అది కదిలింది, అది చూసింది, అది తలుపు మూసింది. తెలుగులో క్రియ ప్రతిసారీ అది మనిషి కాదని గుర్తుచేస్తూనే ఉంటుంది. చివరి జవాబు దగ్గరికొచ్చాక ఒక్క క్రియ మార్చండి:

“పొరబడ్డావు. యజమానిని నేనే,” అన్నాడు.