డబుల్ ఐపీఏలో అట్టపెట్టె వాసన రావచ్చా?

ప్రశ్న:
నిన్న రాత్రి ఒక డబుల్ ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరులో మరింత గాఢమైన రకం) సీసా తెరిచాను. లేబుల్ మీద ఆల్కహాల్ 8.5 శాతం అని ఉంది. తాగే ప్రతి బీరు గురించీ నోట్‌బుక్‌లో రాసుకోవడం ఈమధ్యే మొదలుపెట్టాను, అందుకని తొందరపడకుండా కూర్చున్నాను. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే, ఫ్రీజర్‌లో పెట్టి ఉంచిన గ్లాసులో పోశాను. ముక్కుకు ఏమీ అందలేదు, నాలుక మీద ఉత్త చేదే. పావుగంట పోయాక నారింజ తొక్క గిల్లినప్పటి వాసన సన్నగా వచ్చింది. ఆ వెనకే తడిసిన అట్టపెట్టె వాసన, కాస్త తేనె లాంటి తీపి. ఈ రకం బీరు ఇలాగే ఉంటుందా, సీసాలోనే తేడా ఉందా? ఏం రాయాలో తెలియక పేజీ ఖాళీగా వదిలేశాను.

జవాబు 1:
ముందు ఆ ఫ్రీజర్ గ్లాసు మానేయండి. చల్లదనం వాసనను పైకి రానివ్వదు, గ్లాసుకు పట్టిన మంచు కరిగి బీరులో కలుస్తుంది. ఇలాంటి గాఢమైన బీరుకు 8 నుంచి 12 డిగ్రీలు బాగుంటుంది. మూతి దగ్గర సన్నబడే గ్లాసులో మూడో వంతు పోసి, ఒకసారి తిప్పి, నురగ ఉండగానే వాసన చూడండి. తాగడం ఆ తర్వాత.

జవాబు 2:
గ్లాసు సంగతి సరే, అట్టపెట్టె వాసన మాత్రం ఈ రకం లక్షణం కాదండి. బీరు పాతబడి ఆక్సిజన్ ప్రభావం పడితే వచ్చేది అది. తేనె తీపి కూడా అక్కడిదే. బీరులో వేసే హాప్స్ పువ్వులను మరిగించినప్పుడు చేదు దిగుతుంది, చివర్లోనో చల్లారాకో వేసినప్పుడు సువాసన. ఈ సువాసనే ముందు పోతుంది, చేదు అంత త్వరగా పోదు. అందుకే పాత ఐపీఏ తాగితే మీకులాగే ఉత్త చేదు అనిపిస్తుంది.

నాకూ జరిగింది. ఒకే రోజు కొన్న రెండు సీసాల్లో ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి అటక మీద పెట్టాను. ఎండాకాలం రెండు నెలలు గడిచాక పక్కపక్కనే పోసి చూశాను. ఫ్రిజ్‌లోది ఇంకా గ్రేప్‌ఫ్రూట్ వాసన కొడుతోంది. అటక మీదిది రంగు ముదిరి, పాత పుస్తకాల అలమర తెరిచినట్టుంది. అంత మంచి బీరును చేజేతులా పాడుచేసుకున్నందుకు ఇప్పటికీ బాధే. మీ సీసా మీద నింపిన తేదీ చూడండి.

జవాబు 3:
పేజీ ఖాళీగా వదలకండి, లోపం రాసినా అది నోట్సే. బీజేసీపీ (బీరు పోటీల జడ్జీలకు గుర్తింపు ఇచ్చే సంస్థ) జడ్జీల పత్రంలో మొత్తం 50 మార్కులు: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటిలో తగిలే తీరుకు 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. నేనూ అదే వాడతాను. వాసన గురించి గుక్క వేయకముందే రాసేయండి. చేదు నోటికి తగిలాక ముక్కు మాట వినబడదు. రెండు గుక్కల మధ్య మంచినీళ్లు తాగండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
తేదీ చూశాను, నింపి ఏడు నెలలైంది. అదే బీరు, పోయిన నెల నింపినది దొరికింది. ఈసారి మామూలు గ్లాసులో, ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట ఆగి పోశాను. నురగ తగ్గకముందే గ్రేప్‌ఫ్రూట్, వెనకాల పైన్ చెట్టు జిగురు. చేదు గట్టిగానే ఉంది, కానీ వాసనతో కలిసి వస్తోంది. వాసనకు 12కి 10 వేశాను. పాత సీసాకు 3. రెండూ ఒకే పేజీలో పక్కపక్కన రాశాను.