కాలికి బలపం: 'రాయడం' అన్నారా, 'అరగడం' అన్నారా?

కేరీ, నార్త్ కరొలైనా నుంచి:
ఇరవై ఏళ్ళు దాటినా ఒక మాట నన్ను వదలడం లేదు. 2002 వేసవిలో మా నాన్నగారు మా దగ్గరికి వచ్చారు. తెలుగు పండితులుగా రిటైరైన మనిషి. మా ఊళ్ళో ఫుట్‌బాల్ స్టేడియం కొత్తగా తెరిచారని కరొలైనా కరేజ్ ఆడవాళ్ళ మ్యాచ్‌కి తీసుకెళ్ళాం. మైదానం మధ్యలో ఆడుతున్న హేగె రీసెని చూపించి, నార్వేలో ఆడి, జపాన్ వెళ్ళి, మళ్ళీ నార్వే పోయి, ఇప్పుడు ఇక్కడికి వచ్చిందని చెప్పాను. "అయితే కాలికి బలపం కట్టుకుని తిరిగిందన్నమాట" అన్నారు. కాసేపు ఆట చూసి మళ్ళీ ఆయనే, "కాలికి బలపం కట్టుకోవడమంటే ఊరికే తిరగడం కాదమ్మా..." అని ఇంకో మాటతో ముగించారు. అదే సమయానికి గోల్ పడింది, జనం అరిచారు. నాకు "రాయడం" అని వినిపించింది. మా ఆయన "అరగడం" అనే అంటారు. నాన్నగారు ఇప్పుడు లేరు. ఏది అయివుంటుంది?

తెనాలి నుంచి:
అరగడమే, అనుమానం లేదు. "తిరగడం కాదు, అరగడం". ప్రాస చూడండి! పండితుడి నోట అలాంటి చోట ప్రాస దానంతటదే వచ్చి పడుతుంది. పైగా ఈ నుడికారం ఎప్పుడు వాడతాం? సంబంధం కోసం, ఉద్యోగం కోసం, పెన్షన్ కాగితం కోసం. అన్నీ శ్రమపడి తిరిగేవే. "చెప్పులరిగేలా తిరిగాడు" అన్నది దీనికి తోబుట్టువు.

నల్లగొండ నుంచి:
చెప్పులు నడవడానికి వేసుకుంటాం, అవి అరగడం తర్వాతి సంగతి. బలపం ఎందుకు కట్టుకుంటారు? అరగదీయడానికి ఎవరూ ఏదీ కట్టుకోరు కదా. బలపం పని రాయడం. పాదం పడ్డ చోటల్లా గీత పడాలి, ఎన్ని ఊర్లు తిరిగాడో నేల మీద కనబడాలి. మా దిక్కు "బల్పం" అంటాం, పలక మీద గీసేదే, ఇంకో అర్థం లేదు.

తెనాలి నుంచి:
పలకల కంటే ముందే ఆ రాయి ఉంది మాస్టారూ. బలపం అంటే మెత్తటి రాయి, దాన్ని చెక్కి చేసిన పుల్లకు తర్వాత అదే పేరు వచ్చింది. రాయి కట్టుకుని నడిస్తే కాలు బరువెక్కుతుంది. అది కష్టం చెప్పే మాట.

హైదరాబాద్ నుంచి:
మీ ఇద్దరూ ఒక అక్షరం వదిలేశారు. "రాయడం" అని వింటే అది ఏ రాయడం? ఒకటి "వ్రాయు". రెండోది "రాచు", అంటే ఒరయడం. నూనె రాయడం, గోడకు రాసుకుపోవడం, రాపిడి, ఇవన్నీ ఆ రెండోదే. వాడుకలో వ్రాయు తన "వ" పోగొట్టుకుని రాయు అయింది, రెండూ ఒకే ధ్వనిలో కలిసిపోయాయి. కాబట్టి నాన్నగారు "రాయడం" అన్నా భావం రాపిడి కావచ్చు. రాపిడి అంటే అరుగుదలే. భార్యాభర్తలిద్దరూ సరిగ్గానే విన్నారు, ఒకరు మాట విన్నారు, ఒకరు అర్థం విన్నారు. కేరీ గారూ, ఆయన "వ" పలికేవారా?

కేరీ నుంచి:
ఉత్తరాల్లో "వ్రాయునది" అని వత్తుతో సహా వ్రాసేవారు. నోటితో మాత్రం అందరిలాగే "రాయడం" అనే అనేవారు.

ఓస్లో నుంచి:
నేను ఇక్కడ పదేళ్ళుగా ఉంటున్నాను, పేరు గురించి ముందు ఒక మాట. కేరీ గారు "హేగె రీసె" అని సరిగ్గా రాశారు. ఇంగ్లీషు కామెంటేటర్లు చివరి అచ్చును తినేస్తారు, లేదా "హెగీ" అంటారు. మన హ్రస్వ ఎకారం దానికి చాలా దగ్గర. హేలో దీర్ఘం, గెలో హ్రస్వం.

ఇక అసలు విషయం. ఆమె 1969లో ఓస్లో పక్కనే ఉన్న లోరెన్‌స్కోగ్‌లో పుట్టింది. 1993లో యూరప్ ఛాంపియన్ అయిన నార్వే జట్టులో ఉంది. 1995 జూన్ 18న స్వీడన్‌లో ప్రపంచ కప్ ఫైనల్. జర్మనీ మీద 37వ నిమిషంలో మొదటి గోల్ ఆమెదే, నార్వే 2-0తో గెలిచింది, టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణిగా గోల్డెన్ బాల్ కూడా ఆమెకే. 2000లో సిడ్నీ ఒలింపిక్ స్వర్ణం. ఒలింపిక్స్, ప్రపంచ కప్, యూరో మూడూ గెలిచిన ఆటగాళ్ళు ప్రపంచంలో చాలా కొద్దిమంది. దేశం తరఫున 188 మ్యాచ్‌లు, 58 గోల్స్.

ఇంత ఆడిన మనిషి జపాన్‌కి సరదాగా వెళ్ళలేదు. అప్పట్లో ఆట మీదే బతికే వీలున్న మహిళా లీగులు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. జపాన్‌లో కంపెనీలు జట్లను పోషించేవి, అలా నిక్కో సెక్యూరిటీస్ డ్రీమ్ లేడీస్‌లో చేరింది. తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చి ఆ కంపెనీలు ఒక్కొక్కటే జట్లు మూసేశాయి. 2001లో అమెరికాలో ప్రొఫెషనల్ లీగ్ మొదలైతే కరొలైనా వచ్చింది. మూడు సీజన్లకే ఆ లీగ్ కూడా మూతపడింది. కాళ్ళ కింద నేల జరిగిపోతుంటే అడుగు ఎక్కడో ఒక చోట వేయాలి కదా. నాకైతే "అరగడం" వైపే మనసు లాగుతోంది.

తెనాలి నుంచి:
అచ్చంగా శ్రీనాథుడు! కొండవీట్లో విద్యాధికారిగా వెలిగాడు. ఆ రాజ్యం పడిపోయింది. విజయనగరం వెళ్ళి ప్రౌఢదేవరాయల కొలువులో గౌడ డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం చేయించుకున్నాడు. రాజమహేంద్రవరంలో రెడ్డిరాజుల నీడన మరికొన్నాళ్ళు. పోషించిన కొలువు కూలిపోతే కవి కూడా మూట సర్దుకోవాలి. పల్నాటి మీద ఆయన పేరున తిరిగే చాటువుల్లో నాపరాళ్ళు, జొన్నకూడు వస్తాయే, అవి తిరిగి తిరిగి అరిగిన కాళ్ళ మాటలు.

నల్లగొండ నుంచి:
రాచకొండను మరిచిపోతే ఎట్లా? సర్వజ్ఞ సింగభూపాలుడి కొలువుకు శ్రీనాథుడు వచ్చిన కథ మా ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అయినా మీ ఉదాహరణ నా పక్షమే బలపరుస్తోంది. శ్రీనాథుడు వెళ్ళిన ప్రతి చోటా ఏదో ఒకటి రాసి వదిలాడు. అరిగిపోయి ఉంటే ఆరు వందల ఏళ్ళ తర్వాత మనం ఆయన గురించి మాట్లాడుకుంటామా?

హైదరాబాద్ నుంచి:
"దేశదిమ్మరి" అనకుండా ఇంతసేపు మాట్లాడుకున్నందుకు సంతోషం. ఆ మాటలో పని లేనివాడన్న చులకన ఉంది. కాలికి బలపంలో అది లేదు, వెతుకులాట ఉంది. (ద్రిమ్మరి అని వత్తుతో రాయాలా అన్నది మరో రోజు.)

ఓస్లో నుంచి:
నల్లగొండ గారి మాటకు ఇంకో ఆధారం నేనే ఇస్తాను, నా పక్షానికి నష్టమైనా. కరొలైనా జట్టు 2001లో అట్టడుగున ఉంది, 2002లో ఛాంపియన్ అయింది. ఆ ఏడు ఆమె పక్కన ఆడింది బిర్గిట్ ప్రింజ్. 1995 ఫైనల్లో ఓడిన జర్మనీ జట్టులో పదిహేడేళ్ళ పిల్ల ఆమె! ఆట మానేశాక కూడా హేగె ఆగలేదు. పియా సుండ్‌హాగె దగ్గర అమెరికా జట్టుకు సహాయ కోచ్, 2021లో ఇంగ్లండ్‌కి తాత్కాలిక కోచ్, టోక్యో ఒలింపిక్స్‌లో బ్రిటన్ జట్టుకు కోచ్. 2022లో నార్వే పగ్గాలు చేతికొచ్చాయి. 2023 ప్రపంచ కప్‌లో, వెల్లింగ్టన్‌లో, నార్వేని 3-1తో ఇంటికి పంపింది ఎవరనుకున్నారు? జపాన్. మూడో గోల్ కొట్టిన హినాత మియజావా ఈమె జపాన్ వదిలిన తర్వాత పుట్టింది. ఆ రోజు టీవీ ముందు నేను చాలాసేపు లేవలేకపోయాను.

నల్లగొండ నుంచి:
గీత పోలేదన్నమాట.

తెనాలి నుంచి:
గీత ఉండటానికి బలపం అరగాలి. నేను ఒప్పుకోను. ఒక్క ప్రశ్న కేరీ గారికి. ఆయన "కాలికి" అన్నారా, "కాళ్ళకి" అన్నారా? రాయడానికి ఒక్క బలపం చాలు, అరగడానికైతే రెండు కాళ్ళూ కావాలి.

కేరీ నుంచి:
"కాలికి" అనే అన్నారు, అది మాత్రం గట్టిగా చెప్పగలను. ఆ రోజు ఇంకో సంగతి కూడా గుర్తుంది. "ఈ అమ్మాయి తలెత్తి చూడకుండానే బంతి వేస్తోంది, అవతల మనిషి ఉంటుందని ఎలా తెలుసు?" అని రెండుసార్లు అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

మీరంతా రాసినవి ఇప్పుడే మా ఆయనకు చదివి వినిపించాను. చాలాసేపు ఆలోచించి, "అరగడం కాదేమో, అలవడం అన్నారేమో" అంటున్నారు.

హైదరాబాద్ నుంచి:
అలవడమా? "అలవడు" నుంచా, "అలయు" నుంచా? మొదటిదైతే విద్య పట్టుబడటం, రెండోదైతే అలిసిపోవడం. దయచేసి ఆయన్ను "వ" తర్వాత ఇంకో "డ" వినబడిందా అని అడగండి.