చిన్నపిల్ల ఉన్న ఇంట్లో స్వీట్ పీ వేయొచ్చా?
అందరికీ నమస్కారం. మేం బెంగళూరులో మారతహళ్ళి దగ్గర అపార్ట్‌మెంట్లో ఉంటాం. బాల్కనీ గ్రిల్‌కి వాసనపూల తీగ పాకించాలని స్వీట్ పీ విత్తనాలు తెప్పించాను. మా పాపకి పచ్చి బఠాణీలంటే ప్రాణం, కాయ కనబడితే చాలు ఒలిచి నోట్లో వేసుకుంటుంది. ఈ తీగకీ అచ్చం అలాంటి కాయలే కాస్తాయి, కానీ గింజలు విషం. కేసరి పప్పుకి ఇది దగ్గరి చుట్టం. ఆ పప్పే నెలల తరబడి ముఖ్య ఆహారంగా తిన్నవాళ్ళకి కాళ్ళు చచ్చుబడ్డాయి.

పేరు చివర 'పీ' ఉంటే తినొచ్చనుకోలేం. పిజియన్ పీ మన కంది, చిక్ పీ శనగ, కౌ పీ అలసంద. రోజరీ పీ మాత్రం గురివింద! ఆ గింజ నమిలితే ప్రాణానికే ముప్పు.

పూలు వాడగానే, కాయ కట్టకముందే తుంచేస్తే సరిపోతుందా? అలా తుంచితే పూలు ఇంకా ఎక్కువ వస్తాయి కూడా. కానీ ఆకుల చాటున ఒక్క కాయ మిగిలిపోయినా నాకు టెన్షనే. పిల్లలున్న ఇంట్లో పెంచినవాళ్ళు ఎలా జాగ్రత్తపడ్డారో చెప్పండి. అక్టోబరులో విత్తితే ఇక్కడ ఎండలు ముదిరేలోపు పూస్తుందా? శంఖుపుష్పం తేలికే గానీ దానికి వాసన ఉండదు. పిల్లలకి భయంలేని వాసనతీగ ఇంకేదైనా ఉంటే దయచేసి చెప్పండి.