సెప్టెంబరు నెలాఖరున ఒంటరిగా లేహ్, క్లాసిక్ 350 మీద: చలికీ ఎత్తుకీ ఏం సిద్ధం చేసుకోవాలి?

భీమవరం350

అక్టోబరు మొదటి వారానికల్లా లేహ్ చేరాలని ప్లాను. ఒక్కణ్నే. బండి క్లాసిక్ 350, 2022 మోడల్, స్పోక్ చక్రాలు. ఢిల్లీ దాకా రైల్లో పార్శిల్, అక్కణ్ణుంచి మనాలి, సర్చులో ఒక రాత్రి, ఆ మర్నాడు లేహ్. తిరుగు ప్రయాణం కార్గిల్, శ్రీనగర్ మీదుగా. సంక్రాంతికి కూడా ఫ్యాన్ వేసుకునే ఊరు మాది, అసలు చలంటే తెలీదు. ఇంజనాయిల్ పల్చటిది పోయించాలా? ఎత్తుకి వెళ్తే టైర్లలో గాలి తగ్గించాలంటున్నారు, ఎంత? స్పేర్ పెట్రోలు ఎంత మొయ్యాలి? గ్లవ్స్ ఎలాంటివి? డయామాక్స్ (ఎత్తు పడకపోవడానికి వేసుకునే మాత్ర) వేసుకుంటే ఎత్తు సంగతి ఇక పట్టించుకోనక్కర్లేదా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఏటిగట్టు

బండి సంగతి తర్వాత, ముందు రూటు తిరగెయ్యండి. శ్రీనగర్ మీదుగా వెళ్లి మనాలి మీదుగా దిగండి.

ఎందుకంటే లెక్కంతా రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరక్కూడదు. శ్రీనగర్ 1,600 మీటర్లలోపు, కార్గిల్ దాదాపు 2,700, లేహ్ 3,500. దార్లో జోజి లా 3,528, ఫోటు లా 4,108 (లా అంటే కనుమ) తగిలినా ఎక్కి దిగిపోవడమే, అక్కడ నిద్రపోం. మనాలి వైపు నుంచైతే 2,050 నుంచి బయల్దేరి సర్చులో పడుకుంటే 4,290. ఆ డేరాల్లో తలనొప్పితో, వాంతులతో తెల్లారేవాళ్లలో ఎక్కువమంది ఇలా వెళ్లినవాళ్లే. పైగా సెప్టెంబరు చివరికల్లా అక్కడ డేరాలు ఎత్తేస్తుంటారు. చీకటి పడ్డాక చేరితే తలదాచుకునే చోటు దొరక్కపోవచ్చు. లేహ్‌లో రెండు రాత్రులు ఊరికే ఉండండి, మొదటి రోజు మెట్లెక్కే పనులు కూడా వద్దు.

డయామాక్స్ వేసుకున్నా ఎత్తు సంగతి పట్టించుకోవాల్సిందే. మామూలుగా ఇచ్చేది 125 మి.గ్రా. ఉదయం, సాయంత్రం, ఎక్కడానికి ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. దానివల్ల వేళ్లలో తిమ్మిరి వస్తుంది. చలికి మొద్దుబారడం అనుకుని కంగారు పడతారు. వేలి రంగు మామూలుగా ఉండి జివ్వుమంటుంటే మందు వల్ల. తెల్లగా పాలిపోయి స్పర్శే లేకపోతే చలి పని, వెంటనే బండి ఆపి చేతులు చంకల్లో పెట్టుకోండి.

తణుకు స్పానర్

రూటు విషయంలో ఏటిగట్టు గారి మాటే నాదీనండి. బండి గురించి నేను చెప్తా.

ఆయిల్ మార్చక్కర్లేదు. మాన్యువల్లో చెప్పిన 15డబ్ల్యూ-50 ఈ చలికి చాలు, కాకపోతే బయల్దేరే ముందు కొత్తది పోయించండి. మీది ఇంజెక్షన్ బండి కాబట్టి పల్చటి గాలికి తగ్గట్టు పెట్రోలు అదే తగ్గించుకుంటుంది, కార్బొరేటర్ బళ్లలా జెట్ మార్చే పని లేదు. పవర్ మాత్రం పడిపోతుంది. 20 బీహెచ్‌పీ బండి టంగ్‌లాంగ్ లా (5,328 మీటర్లు) మీద 11, 12 ఇస్తే గొప్ప. హాఫ్ క్లచ్ మీద ఈడ్చారో, ప్లేట్లు కాలిపోతాయి. ఫస్ట్ గేర్లో వేసి, క్లచ్ పూర్తిగా వదిలి ఎక్కించండి.

అసలు భయం బ్యాటరీది. ఈ మోడల్‌కి కిక్ లేదు. చలికి బ్యాటరీ బలం మూడోవంతు దాకా తగ్గుతుంది. పూర్తిగా చచ్చిపోతే తోసినా స్టార్టవదు, పెట్రోలు పంపు తిరగడానికైనా కరెంటు కావాలి కదా. మూడేళ్లు దాటిన బ్యాటరీ అయితే ఆలోచించకుండా మార్చేయండి. మన ఉప్పుగాలికి టెర్మినళ్లు పూత పట్టి ఉంటాయి, గీకి వాసెలిన్ రాయండి. రాత్రి పూట బండిని పల్లానికి మొహం పెట్టి ఆపండి. సెల్ఫ్ నీరసంగా తిరిగితే సెకండ్ గేర్లో వేసి దొర్లించొచ్చు.

టైర్ గాలి: ఇక్కడ 35 డిగ్రీల ఎండలో 32 పీఎస్‌ఐ కొట్టారనుకోండి. సున్నా డిగ్రీలకి వెళ్తే చలికి 5 దాకా తగ్గుతుంది. 5,000 మీటర్ల ఎత్తులో బయటి ఒత్తిడి తగ్గడం వల్ల గేజీ మీద 7 దాకా పెరుగుతుంది. రెండూ కలిస్తే 33, 34. ఊరికే గాలి తీసేసి రాళ్ల రోడ్డు మీద రిమ్ములు వంచుకోకండి. చిన్న గేజీ కొనుక్కుని రోజూ పొద్దున్న, బండి కదలకముందు చూసుకోండి.

ట్యూబులు ముందుదొకటి, వెనకదొకటి, టైర్ లివర్లు, పంపు తప్పనిసరి. క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్లు కొత్తవి తెచ్చి, పాతవాటి పక్కనే లాగి టేపు చుట్టి ఉంచండి. తెగితే చివరలు మార్చుకోవడమే, గడ్డకట్టిన వేళ్లతో ట్యాంకు విప్పే బాధ తప్పుతుంది.

పెట్రోలు: మనాలి వైపు దిగేటప్పుడు లేహ్ దాటాక ఖారులో నింపండి. అక్కణ్ణుంచి తాండీ దాకా 330 కి.మీ. చిల్లర, మధ్యలో బంకుని నమ్ముకోకూడదు. 13 లీటర్ల ట్యాంకు, కనుమల మీద లీటరుకి 25 అనుకుంటే అంచుకి వస్తుంది. అందుకని 5 లీటర్ల డబ్బా. మూతి దాకా నింపొద్దు. పైకి వెళ్లేకొద్దీ డబ్బా ఉబ్బుతుంది. వేడి ఇంజనుకి దూరంగా, మూత మెల్లగా తిప్పి తియ్యండి.

కోటిపల్లి రేవు

బట్టలకి వస్తా. సున్నా డిగ్రీల్లో గంటకి 40 కి.మీ. వేగంతో వెళ్తే ఒంటికి తగిలేది మైనస్ 7. గాలి ఆపే పొర లేకుండా స్వెటర్లు ఎన్ని తొడిగినా దండగే. లోపల థర్మల్, మీద ఫ్లీస్, అన్నిటికన్నా పైన రెయిన్‌కోటు. వాన లేకపోయినా వేసుకోండి. గ్లవ్స్ ఒక సైజు పెద్దవి కొనండి. బిగుతుగా ఉంటే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. లోపల ఆసుపత్రి వాళ్లు వాడే నైట్రైల్ గ్లవ్స్ ఒక జత. హ్యాండిల్‌కి మఫ్‌లు (చేతులు లోపల దూర్చే తొడుగులు) దొరికితే మరీ మంచిది. భీమవరంలో చేపల ఐసుకి కొదవా? గ్లవ్స్ తొడుక్కుని నలిగిన ఐసులో పది నిమిషాలు చెయ్యి పెట్టి చూడండి, నీళ్లు దిగుతాయో లేదో ఇక్కడే తేలిపోతుంది. సాక్సులకీ అదే సూత్రం, రెండు జతలు ఇరికిస్తే పాదాలు మొద్దుబారతాయి.

పగలు రోడ్డు మీద పారిన నీళ్లు రాత్రికి గడ్డకట్టి, కొండ నీడ పడే మలుపుల్లో అద్దంలా ఉంటాయి. తడి రోడ్డనుకుంటారు. అందుకని ఆ సీజన్లో తెల్లవారుజామున బయల్దేరకండి. రోడ్డు మీద ఎండ పడ్డాక, ఎనిమిదిన్నర తొమ్మిదికి కదిలి, మధ్యాహ్నం రెండు లోపు కనుమ దాటెయ్యాలి. ఐసు మీదికి వచ్చేశారని తెలిస్తే ముందు బ్రేకు ముట్టుకోవద్దు, బండి వంచొద్దు. ఫస్ట్ గేర్, రెండు కాళ్లూ కింద. లారీ చక్రాలు నునుపు చేసిన జాడ కన్నా పక్కనున్న గరుకు మంచులో పట్టు ఉంటుంది, లోయ అంచుకి మాత్రం పోవద్దు.

భీమవరం350

రూటు తిప్పేశానండి. ఒక్కణ్నే కదా, పైన ఒంట్లో బాగోకపోతే ఎలా తెలుస్తుంది? ఆక్సీమీటర్ పట్టుకెళ్లనా?

ఏటిగట్టు

పట్టుకెళ్లండి, కానీ చల్లటి వేలికి పెడితే తక్కువ చూపిస్తుంది. చెయ్యి వెచ్చబెట్టుకుని చూడండి. దానికన్నా సులువైనది: నేల మీద గీత ఊహించుకుని, మడమకి బొటనవేలు ఆనించి పదడుగులు నడవండి. తూలితే మెదడుకి నీరు పడుతోందని అర్థం. కూర్చున్నా ఆయాసం, దగ్గు ఉంటే ఊపిరితిత్తులది. రెండిట్లో ఏదైనా తెల్లారేదాకా ఆగకుండా దిగాలి. అప్పుడు మీరు బండి నడపకూడదు, లారీయో టాక్సీయో ఆపండి. లేహ్ దగ్గర్లో ఉంటే ఎస్‌ఎన్‌ఎం ఆసుపత్రి.

మన ప్రీపెయిడ్ సిమ్ లడఖ్‌లో పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ తీసుకోండి. ఉప్శి దాటాక దార్చా దాకా సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఫలానా టైముకి ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో ఇంట్లోవాళ్లకీ, లేహ్ హోటల్ వాళ్లకీ రాసిచ్చి కదలండి.

కోటిపల్లి రేవు

కొబ్బరినూనె సీసా ఇంట్లోనే వదిలెయ్యండి, అక్కడ రాయైపోతుంది. పెదాలకీ మొహానికీ వాసెలిన్. మనాలి దార్లో తగిలే పాంగ్‌లో నీళ్లు 85 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేని చోట అన్నం పలుకు పలుకుగా ఉంటుంది. ఆవకాయ తీసుకెళ్లినా మ్యాగీతోనే తినాల్సొస్తుందేమో మరి.

తణుకు స్పానర్

ఒకటి మర్చిపోయా. పార్శిల్ ఆఫీసులో ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయిస్తారు, ఆర్‌సీ జిరాక్సు, గుర్తింపు కార్డు అడుగుతారు. అద్దాలు ముందే విప్పి సంచిలో వేసుకోండి. ఢిల్లీలో దిగాక దగ్గర్లో బంకు ఎక్కడుందో చూసుకుని, అక్కడి దాకా తోసుకెళ్లడానికి ఓపిక ఉంచుకోండి.